మంట లేని తర్జుమా

అక్క ఆ గదిలో చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. నోయిడాలో మేము పనిచేసిన ఆఫీసు పై అంతస్తులో, బల్లకి అటువైపు విచారణకని కూర్చున్న ముగ్గురు అధికారులు, ఇటువైపు నేను, నా పక్క కుర్చీలో నేను ఎవరి మీద ఫిర్యాదు చేశానో ఆ మా తెలుగు డెస్కు ఇన్‌చార్జి గారు, కొంచెం ఎడంగా అక్క. ఆయన నన్ను తెలుగులో అన్న మాటని ఇంగ్లీషులో చెప్పమని ఆవిడని అడిగారు. ఆవిడ చీరకొంగు సర్దుకుని, ఒకసారి నావైపు చూసి, నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. రెండు భాషలూ తెలిసినవాడు ఎవడైనా ఆ తర్జుమాకి పూర్తి మార్కులు వేస్తాడు. దాంతోనే నా ఫిర్యాదు ముగిసింది, కొన్నాళ్ళకి ఆ ఉద్యోగమూ ముగిసింది, తోడబుట్టకపోయినా అక్కా తమ్ముడూ అని పిలుచుకున్న మా ఇద్దరి మధ్య ఏదుందో అదీ ముగిసింది.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మొన్న ద్వారక నుంచి నోయిడా వెళ్ళే మెట్రోలో నా ఎదుటి సీట్లో ఒక కుర్రవాడు కూర్చుని ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాడు. మెడలో కంపెనీ కార్డు, ముఖం నిండా చిరునవ్వు. గొంతు పెంచలేదు, కనుబొమ్మ ముడివేయలేదు. "లేదమ్మా, నువ్వు చాలా తెలివైనదానివి. నీ తెలివి మాకు అందట్లేదు, అదొక్కటే ప్రాబ్లం. క్లయింట్ ముందు ఆ తెలివి కాస్త దాచుకో తల్లీ" అంటున్నాడు. అతని పక్కన కూర్చున్న పెద్దావిడ, పంజాబీ మనిషిలా ఉంది, ఎవరో చెల్లెలితోనో కూతురితోనో ముద్దుగా మాట్లాడుతున్నాడనుకుని తనూ చిన్నగా నవ్వుకుంది. ఆ పెట్టెలో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫోను అవతల ఉన్న ఆ పిల్ల ముఖం ఎలా ఉందో నాకు కనిపించినట్టే అనిపించింది.

మా ఇన్‌చార్జి గారు కూడా అలాగే నవ్వేవారు.

అప్పట్లో మాది ఇంగ్లీషు వ్యాసాలను దేశభాషల్లోకి తర్జుమా చేసి పత్రికలకు పంపే సంస్థ. పెద్ద హాలు, అందులో హిందీ, మరాఠీ, బెంగాలీ, తమిళం, తెలుగు, ఒక్కో భాషకి ఒక్కో గుంపు బల్లలు. హిందీ వాళ్ళు పదిమంది దాకా ఉండేవారు కాబట్టి కిటికీల వెలుతురంతా వాళ్ళదే. తెలుగు డెస్కు మూలన, ఫైళ్ళ బీరువాల పక్కన. మేం ముగ్గురం: ఇన్‌చార్జి గారు, అక్క, నేను. అక్కది విశాఖపట్నం, భర్త కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగి, ఆర్కే పురంలో గవర్నమెంటు క్వార్టర్సులో ఉండేవారు. నేను ఆ పక్కనే మహమ్మద్‌పూర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మెట్రో ఇంతగా అల్లుకోకముందు ఢిల్లీలో గుమాస్తాలందరినీ మోసింది చార్టర్డ్ బస్సులే. నెలనెలా చందా కట్టి, ఎవరి సీటు వారికి ఖాయం చేసుకుని, పొద్దున ఎక్కినచోటే సాయంత్రం దిగేవాళ్ళం. అక్కా నేనూ ఆ బస్సులోనే పక్కపక్కన కూర్చుని యమున దాటి నోయిడా వెళ్ళేవాళ్ళం. అక్క ముందు ఎక్కితే తన హ్యాండ్‌బ్యాగు నా సీటులో పెట్టి ఉంచేది, నేను రాగానే తీసి ఒళ్ళో పెట్టుకునేది.

ఇన్‌చార్జి గారి గురించి మంచి మాట ముందు చెప్పడం న్యాయం. అంతటి తర్జుమాకారుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఇంగ్లీషు వాక్యం ఎంత మెలికలు తిరిగినా ఆయన చేతిలో పడితే చాలు, తెనాలి రైల్వేస్టేషన్లో ఎవరో ఎవరితోనో చెబుతున్నంత తేటగా తయారయ్యేది. వ్యాసాల్లో వేడి ఉండేది, ఇంగ్లీషులో రాసే పెద్దలు ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అనేవారు. అది యథాతథంగా తెలుగులో పడితే జిల్లాల్లో పత్రికలవాళ్ళకి తంటా వస్తుందని సంస్థ భయం. అందుకని ఆయన మాకు మొదటిరోజే ఒక సూత్రం చెప్పారు. మాట దించండి, మంట దించకండి. రచయిత కోపం మన బాధ్యత కాదు, అతను ఏం చెప్పాడన్నదే మన బాధ్యత. ఆ సూత్రం మీద మేం ఇద్దరం ఏళ్ళ తరబడి పనిచేశాం. ఎంతగా అలవాటైందంటే, ఇంట్లో ఎవరైనా కోపంగా ఏదైనా అంటే దాన్ని మరొకరికి చెప్పేటప్పుడు కూడా చల్లార్చే చెబుతున్నానని అక్క నవ్వుతూ అనేది.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. రోజూ పొద్దున, ముందురోజు మేం రాసిన తర్జుమా కాపీలు చేత్తో పట్టుకుని, కుర్చీలోంచి లేచి నిలబడి, పైకి చదివేవారు. అక్కా నేనూ దానికి పారాయణం అని పేరు పెట్టుకున్నాం. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగేవారు. "నాయనా, ఈ వాక్యం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఎక్కడికి పోయిందో మాత్రం పోలీసులు కూడా పట్టుకోలేరు" అనేవారు, నా భుజం మీద చెయ్యి వేసి. అక్కతో అయితే, "అమ్మా, మీరు పులిహోర అద్భుతంగా చేస్తారు. భగవంతుడు మనిషికి ఒక్క విద్యే ఇస్తాడు, అత్యాశ పనికిరాదు" అనేవారు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. అన్న తీరు అంత బాగుండేది మరి. ఒకటి రెండు నెలలకి నవ్వు ఆగిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆయన కుర్చీ కదిలిన చప్పుడుకి నా అరచేతులు తడిసేవి. బాత్రూమ్‌లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేలోపు పారాయణం అయిపోతే బాగుండునని అనుకునేవాణ్ణి, కానీ ఆయన నేను వచ్చేదాకా ఆగేవారు.

హాల్లో తక్కిన భాషలవాళ్ళకి ఇదంతా ఎలా కనిపించేదంటే, ఒక పెద్దమనిషి తన ఊరి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెబుతున్నట్టు కనిపించేది. హిందీ వాళ్ళతో ఆయన 'జీ' అనకుండా మాట్లాడేవారు కాదు. గొంతు ఎప్పుడూ ఒకే స్థాయి, నవ్వు ఎప్పుడూ ఒకే కొలత. హిందీ డెస్కులో మీరట్ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు, అందరం పండిత్‌జీ అనేవాళ్ళం. ఆయన మీదికి వాళ్ళ ఇన్‌చార్జి ఫైళ్ళు విసిరికొట్టేవాడు. పండిత్‌జీ మా మూలకి చూసి నిట్టూర్చి, "ఆప్ లోగోంకా తో ఘర్ జైసా హై, భయ్యా" అనేవారు. మీది ఇల్లులాంటి డెస్కయ్యా అని. కాదని ఎలా చెప్పను? ఏమన్నారో చెప్పమంటే చెప్పేవాణ్ణి. హిందీలో పెట్టేసరికి అది ఛలోక్తి అయ్యేది, పండిత్‌జీ పకపకా నవ్వేవారు.

మా నాన్న ఖమ్మం దగ్గర ఒక ఊళ్ళో తెలుగు పండితుడు. దినపత్రికని పైనున్న పేరు నుంచి అడుగున ముద్రాపకుడి పేరు దాకా చదివే మనిషి. మేం పంపిన వ్యాసాలు పత్రికల ఆదివారం అనుబంధాల్లో వచ్చేవి, తర్జుమా చేసినవాడి పేరు మాత్రం ఉండేది కాదు. అయినా నాన్న ప్రతి ఆదివారం వాటిని చదివి, ఇందులో ఇది మావాడిదే అని ఊహించి, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి అడిగేవారు. సగం సార్లు ఆయన ఊహ తప్పయ్యేది, అక్క రాసినవాటిని నావనుకునేవారు. నేను ఔననే చెప్పేవాణ్ణి. అక్కకి ఆ సంగతి చెబితే మీ నాన్నగారికి నా రాత నచ్చిందన్నమాట అని మురిసిపోయేది.

నాన్న ఒక చలికాలంలో పోయారు. కర్మ పూర్తిచేసుకుని, గుండుతో, ఢిల్లీ తిరిగొచ్చి ఆఫీసుకి వెళ్ళిన మొదటిరోజు చేసిన కాపీ ఎలా వచ్చిందో నాకు తెలుసు. వాక్యం తర్వాత వాక్యం రాశానే తప్ప దేని గురించి రాశానో తలకెక్కలేదు. మర్నాడు పొద్దున ఇన్‌చార్జి గారు లేచారు, కాపీ తీసుకున్నారు, ఈసారి పైకి చదవలేదు. నా దగ్గరికి వచ్చి, రెండు భుజాల మీదా చేతులు వేసి, హాలంతా చూస్తుండగా, ఎంతో మృదువుగా అన్నారు.

"పెద్దాయన పుణ్యాత్ముడు నాయనా. నువ్వు రాసిన ఈ కాపీ చూడకుండానే కళ్ళు మూశాడు."

అని, నా వీపు తట్టి, కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చున్నారు. అక్క తల వంచుకుంది. కాసేపటికి పండిత్‌జీ టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, "సర్ నే కిత్నే ప్యార్ సే సమ్‌ఝాయా" అన్నారు. ఎంత ప్రేమగా ఓదార్చారయ్యా అని. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ఆ టీ తాగలేకపోయాను.

ఫిర్యాదు చేసింది అందుకే. ఆయనకి శిక్ష పడాలని కాదు, నాకు వేరే డెస్కు కావాలనీ కాదు, తెలుగువాడికి వేరే డెస్కు ఎక్కడుంటుంది? అక్కడ రోజూ జరుగుతున్నది పాఠం కాదు, ఓదార్పు కాదు, తిట్టు అని తెలుగు రాని మనిషి ఒక్కరికైనా తెలియాలి, అంతే. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగంలో ఒక మేడమ్ ఉండేవారు, కరోల్ బాగ్ మనిషి, కటువుగా కనిపించినా ఓపికగా విన్నారు. విచారణ పెడతానన్నారు.

ఆ సంగతి బస్సులో అక్కకి చెప్పాను. అంతకుముందు ఎన్నోసార్లు ఆవిడే నన్ను వారించింది, ఆయన నోటికి దణ్ణం పెట్టి పని నేర్చుకో తమ్ముడూ, విద్య మనకి మిగులుతుంది అనేది. తను చేరిన కొత్తలో టీ పెట్టే పాంట్రీలో నిలబడి ఏడ్చిన రోజులు కూడా చెప్పింది. ఆ రోజు మాత్రం వారించలేదు. బస్సు యమున మీదికి ఎక్కేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "నన్ను పిలిస్తే వస్తాను తమ్ముడూ. ఆయన ఏమన్నాడో అదే చెప్తాను. నాన్నగారిని అలా అనకూడదు" అంది. నేను ఆ మాట పట్టుకునే విచారణ గదిలోకి వెళ్ళాను.

గదిలో మొదట నన్ను చెప్పమన్నారు. చెప్పాను. వాక్యం చెప్పి, అది ఎందుకు అవమానమో చెప్పబోయాను, అంతలో ఇన్‌చార్జి గారు లేచి నాకు మంచినీళ్ళు అందించారు. తర్వాత వాళ్ళతో ఇంగ్లీషులో అన్నారు, ఈ అబ్బాయి నా కొడుకులాంటివాడు, తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నాడు, ఏమన్నా నేను మనసులో పెట్టుకోను అని. ఫిర్యాదు చేసినవాడి తర్జుమా తీసుకోలేం, ఫిర్యాదు ఎవరి మీదో వారి తర్జుమా కూడా తీసుకోలేం, కాబట్టి మూడో మనిషి చెప్పాలన్నారు మేడమ్. ఆ భవనం మొత్తంలో తెలుగు తెలిసిన మూడో మనిషి అక్క ఒక్కతే. మీ సొంత అభిప్రాయం వద్దు, అన్న మాట ఏదో అది మాత్రమే చెప్పండి అని హెచ్చరించారు.

అక్క చెప్పిన ఇంగ్లీషుని మళ్ళీ తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "వీరి తండ్రిగారు పుణ్యాత్ములు. కుమారుడు రాసినది చూడకుండానే కన్నుమూశారు."

అంతే. ఒక్క మాట వదిలిపెట్టలేదు, ఒక్క మాట కలపలేదు. వెక్కిరింపు మాత్రం ఎక్కడా లేదు. బల్ల అవతల ముగ్గురూ నావైపు జాలిగా చూశారు. మేడమ్ ఇంకొకటి అడిగారు, ఆయన ఆ మాట కోపంగా అన్నారా అని. "నహీ మేడమ్. గుస్సా తో కభీ నహీ కర్తే" అంది అక్క. ఎప్పుడూ కోప్పడరు. అదీ నిజమే.

ఆ తర్జుమా తప్పు అనడానికి అందులో తప్పు లేదు. నేనే ఆ బల్ల ముందు కూర్చుని చేసినా, నాకు నేర్పిన పద్ధతిలో చేస్తే, అలాగే చేసేవాణ్ణేమో. ఇన్‌చార్జి గారు తల పంకించారు, మా కాపీల్లో ఎప్పుడైనా ఒక వాక్యం బాగా కుదిరితే పంకించినట్టు. అక్క వాక్యాన్ని ఆయన అలా మెచ్చుకోవడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం బస్సు ఎక్కేసరికి అక్క అప్పటికే కూర్చుని ఉంది. నా సీటులో హ్యాండ్‌బ్యాగు ఉంది. నన్ను చూడగానే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆగలేదు, వెనక్కి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. ఆర్కే పురం వచ్చేదాకా ఆ సీటు ఖాళీగానే ఉంది, ఎవరో కూర్చోబోతే అక్క ఏదో చెప్పి పంపేసింది. దిగేటప్పుడు నాకోసం మెట్ల దగ్గర ఒక్క క్షణం నిలబడింది. నేను రెండో గుమ్మం నుంచి దిగాను. మర్నాడు నుంచి వేరే బస్సుకి మారాను. పాతికేళ్ళ వయసులో మనిషికి ఎక్కడలేని పౌరుషం ఉంటుంది, దాన్ని ఆత్మగౌరవం అనుకుంటాడు.

ఆవిడ ఎందుకలా చేసిందన్నదానికి ఆ రోజుల్లో నా దగ్గర రకరకాల జవాబులు ఉండేవి. ఇంట్లో అత్తగారు మంచంలో ఉంటే ఇన్‌చార్జి గారు ఆవిడకి అడిగినప్పుడల్లా సెలవు ఇచ్చేవారు, అది పోగొట్టుకోలేకపోయిందని అనుకున్నాను. ముందురోజు ఆయన ఆవిడతో ఏదో మాట్లాడి ఉంటారని అనుకున్నాను. కొన్నాళ్ళకి, అవేవీ కాదేమో, సొంత అభిప్రాయం వద్దన్నారు కాబట్టి చేతికి అలవాటైన పనే చేసిందేమో, మాట దించి మంట వదిలేసిందేమో, నావైపు చూసిన ఆ చూపులో తను న్యాయమే చేస్తున్నానన్న నమ్మకం ఉందేమో అనిపించింది. బస్సులో ఏం చెబుతానందో అదే కదా చెప్పింది, ఆయన ఏమన్నాడో అదే. ఒక్కో వయసులో ఒక్కో జవాబు సరైనదిగా కనిపించింది.

ఆ ఏడాదే మానేసి ఒక దినపత్రిక ఢిల్లీ ఆఫీసులో చేరాను, అక్కడే తల నెరిసింది. అక్కడా కేకలు వేసే పెద్దలు ఉండేవారు, వాళ్ళ కేకలు హిందీవాళ్ళకి కూడా అర్థమయ్యేవి, అదొక సుఖం. కొన్నేళ్ళ క్రితం ఇన్‌చార్జి గారు పోయారని పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మహానుభావుడు, తండ్రిలా చూసుకునేవారు అని హిందీలో, మరాఠీలో, ఇంగ్లీషులో వరసగా రాశారు. అక్క తెలుగులో రాసింది, మన గురువుగారు వెళ్ళిపోయారు అని. నేను కూడా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. అబద్ధం కాదు, ఈ నాలుగు వాక్యాలు తిన్నగా రాయడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. అయినా ఆ బొమ్మ పెట్టాక చాలాసేపు ఫోను పక్కన పెట్టలేకపోయాను.

ఇప్పుడు ఆ హాలు లేదు. తెలుగు డెస్కులన్నీ హైదరాబాదు వెళ్ళిపోయాయి, తర్జుమాలో సగం యంత్రమే చేస్తోంది. మా అమ్మాయి గుర్‌గావ్‌లో పనిచేస్తుంది. వాళ్ళ ఆఫీసులో ఫిర్యాదులకి ప్రత్యేకంగా ఒక మెయిల్ ఉంటుంది, పై అధికారి అన్న ప్రతి మాటా ఎక్కడో నిలవ ఉంటుంది, ఎవరూ గొంతు పెంచరు. అలాగని ఆ పిల్ల ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ముఖం చిన్నబుచ్చుకోవడం మానిందా అంటే, మానలేదు. వాళ్ళకి మాకంటే ఎక్కువ రక్షణ ఉంది, పక్కసీటు ఖాళీగా అట్టిపెట్టే మనిషి లేదు. తను తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు హిందీలో చెబుతుంది. రోజంతా తెలుగు రాసి ఇంటికి వచ్చినవాడిని, పిల్లతో తెలుగు మాట్లాడటానికి ఎందుకు బద్ధకించానో నాకే తెలియదు. ఢిల్లీలో అన్ని ఇళ్ళలోనూ అంతే అని సరిపెట్టుకుంటాను. కానీ ఇంట్లో ఎవరైనా తెలుగులో మరీ మెత్తగా మాట్లాడితే నా ఒళ్ళు ఇప్పటికీ బిగుసుకుంటుంది. ఆ మెత్తదనంతోనే కదా పిల్లలకి భాష వచ్చేది.

పోయిన వానాకాలం, వాళ్ళ ఆఫీసులో ఏదో మాట పడి వచ్చి కూర్చుంటే, ఓదార్చడానికని ఈ కథంతా తనకి చెప్పాను. చివరిదాకా విని, "తో నాన్నా, ఆంటీ నే జాన్‌బూఝ్ కే కియా, యా బస్ ట్రాన్స్‌లేట్ కియా?" అంది. కావాలని చేసిందా, ఉత్తినే తర్జుమా చేసిందా అని. తెలియదమ్మా అన్నాను. "ఫోన్ కర్ కే పూఛ్ లో నా" అంది, ఫోన్ చేసి అడిగెయ్ అని, అదేదో చాలా తేలికైన పనిలా.

అక్క ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటోంది. ఆ తర్వాత మాఘమాసంలో మా ఆవిడ తరఫు పెళ్ళికి అక్కడికి వెళ్ళి నాలుగు రోజులున్నాం. ఆవిడ ఇల్లు పెళ్ళి మండపానికి రెండు వీధుల అవతలే అని ఆవిడని ఎరిగిన చుట్టాలెవరో మాటల్లో చెప్పారు, నేను ఊళ్ళో ఉన్నానని తెలిసి ఎలా ఉన్నానో అడిగిందని కూడా చెప్పారు. బాగున్నానని చెప్పమన్నాను. వెళ్ళలేదు.